మాతరికి సెలవు బిల్లు, పార్లమెంటు కమిటీ ముందు నా ఐదు నిమిషాలు

2022 జూన్ 24న న్యూజీలాండ్‌లో మాతరికికి మొదటిసారి పబ్లిక్ హాలిడే ఇచ్చారు. ఇక్కడి మూలవాసులు మావోరీల కొత్త సంవత్సరం అది, తెల్లవారుజామున తూర్పున కృత్తికలు మళ్లీ కనబడే రోజులు. ఆ సెలవు బిల్లు మీద పార్లమెంటు కమిటీకి నేనొక సబ్మిషన్, అంటే నా అభిప్రాయం రాసి పంపాను, తర్వాత జూమ్‌లో వాళ్ల ముందు మాట్లాడాను కూడా. మాది ఆక్లాండ్‌లో సాండ్రింగ్‌హామ్ వైపు చిన్న టిఫిన్ రెస్టారెంటు. "మనలాంటివాళ్లు మాట్లాడొచ్చా, ఎవరైనా పిలవాలా, లాయర్ ఉండాలా, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) లేకపోతే ఇబ్బందా" అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

2021 ఆగస్టు 17 రాత్రి లాక్‌డౌన్ పెట్టారు. సెప్టెంబరు 22 నుంచి ఆక్లాండ్‌లో పార్సిల్‌కి మాత్రం అనుమతిచ్చారు. లోపల కుర్చీలు బల్లల మీద తిరగేసి ఉండేవి, గుమ్మానికి అడ్డంగా టేబుల్ వేసుకుని దాని మీద సంచీ పెట్టి మేం వెనక్కి జరిగితే కస్టమరొచ్చి తీసుకెళ్లాలి. ఆ నెలాఖరునే మాతరికి సెలవు బిల్లు పార్లమెంటుకి వచ్చింది. 2020 ఎన్నికలప్పుడు అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ ఇచ్చిన మాట అది. కానీ మన గ్రూపుల్లో దాని ఊసే లేదు, ఎందుకంటే సెప్టెంబరు 30న వన్ టైమ్ రెసిడెంట్ వీసా (వర్క్ వీసా మీదున్నవాళ్లకి ఒక్కసారికే ఇచ్చే నివాస వీసా) ప్రకటించారు, ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు, డిసెంబరు 1 నుంచి మొదటి విడతలో ఎవరు అప్లై చేయొచ్చు, ఇదే గోల. ఫోన్ ఆగకుండా మోగుతుండేది. మా ఆయన చిన్నాన్న కొడుక్కి ఆ వీసా వస్తుందో రాదో అని ఇంట్లో అందరికీ టెన్షన్.

బిల్లు సంగతి నాకు చెప్పింది మా కౌంటర్లో పనిచేసే అమ్మాయి. మావోరీ పిల్ల, వాళ్లది వాంగనుయి వైపు. నన్ను ఆంటీ అంటుంది, ఇక్కడ వాళ్లలో కూడా పెద్దవాళ్లని అలాగే పిలుస్తారు. "వచ్చే ఏడు నుంచి మాతరికికి సెలవు ఆంటీ, బిల్లు కమిటీకి వెళ్లింది, ఎవరైనా రాయొచ్చు, మీరు రాస్తారా?" అంది. నిజం చెప్తున్నా, నాకు ముందు వచ్చింది సంతోషం కాదు, లెక్క. అప్పటికే ఏప్రిల్‌లో కనీస వేతనం గంటకి 20 డాలర్లయింది, జూలై 24 నుంచి సిక్ లీవు 5 రోజుల నుంచి 10 రోజులకి పెంచారు, ఇప్పుడు ఏడాదికి ఉన్న 11 పబ్లిక్ హాలిడేలు 12 అవుతాయి. పైగా మాతరికి ఏ ఏడాదైనా శుక్రవారమే వస్తుందట! మాకు వారం మొత్తం అద్దె వెళ్లేది శుక్ర, శనివారాల మీదే. అదే ఏ మంగళవారమో అయితే నేను నోరు కూడా మెదిపేదాన్ని కాదు.

బాగా కోపంగా ఒక పేజీ టైప్ చేసి పెట్టుకున్నాను. పంపలేదు.

దానికి కారణం ఉంది. మా నాన్న ఆ ఏడాది మే నెలలో ఖమ్మంలో పోయారు, సెకండ్ వేవ్‌లో. అప్పుడు ఇండియా నుంచి తిరిగి రావడానికి న్యూజీలాండ్ పౌరులకి, వాళ్ల కుటుంబాలకి తప్ప దాదాపు ఎవరికీ దారి లేదు. నేను వెళ్తే ఇక్కడ పిల్లల్ని వదిలి ఎన్నాళ్లు అక్కడ ఉండిపోవాలో తెలియదు. వెళ్లలేదు. తమ్ముడే అన్నీ చేశాడు, నేను వీడియో కాల్‌లో చూశాను. అక్టోబరు 6న పెత్రమాస వచ్చింది, ఆ రోజు ఉదయం పెద్దలకి పెట్టి కొంచెం ఆలస్యంగా వెళ్లాను. ఏమైంది ఆంటీ అని ఆ పిల్ల అడిగితే చెప్పాను. అప్పుడు తను అంది, మాతరికిలో ఒక్కో చుక్కకి ఒక్కో పని ఉంటుంది, పోహుతుకావా అనే చుక్క ఆ ఏడాది పోయినవాళ్లది, దాన్ని చూస్తూ పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పైకి చదువుతారు, ఏడుపొస్తే ఏడుస్తారు, ఆ తర్వాతే కొత్త ఏడాది కోరికలు కోరుకుంటారు, దానికి హివా ఇ తె రంగి అని వేరే చుక్క. నాకు వెంటనే ఏం మాట్లాడాలో తెలియలేదు. ఇడ్లీ పిండి కలుపుతూ నిలబడ్డాను.

ఆ రాత్రి పాత పేజీ చెరిపేసి మళ్లీ రాశాను. సెలవుకి నేను వ్యతిరేకిని కాను, కానీ నా ఖర్చు సంగతి కూడా వినండి, అంతే.

ఇక అసలు పద్ధతి. పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఆ బిల్లు పేజీకి వెళ్తే సబ్మిషన్ పంపే బటన్ ఉంటుంది. పేరు, ఈమెయిల్, ఫోన్ ఇచ్చి, రాసుకున్నది అప్‌లోడ్ చేయడమే. రూపాయి ఫీజు లేదు. పౌరసత్వం, పీఆర్, వయసు ఏవీ అడగరు, వీసా మీదున్నవాళ్లు కూడా పంపొచ్చు. ఇంగ్లిష్‌లో రాయొచ్చు, మావోరీలో రాయొచ్చు, సైగల భాషలో వీడియో కూడా పంపొచ్చు. మధ్యలో ఒక టిక్ బాక్స్ వస్తుంది, కమిటీతో నేరుగా మాట్లాడాలనుకుంటున్నారా అని. నేను టిక్ పెట్టాను, మా ఆయన వెనక నుంచి చూసి "నీకెందుకే, మనల్నెవరు పిలుస్తారు" అన్నాడు. పట్టించుకోవాల్సిన విషయం ఒకటుంది: మీరు పంపింది మీ పేరుతో సహా వెబ్‌సైట్‌లో పెడతారు. ఫోన్ నంబరు, అడ్రసు బయటపెట్టరు గానీ పేరు మాత్రం గూగుల్లో దొరుకుతుంది. కాబట్టి సిబ్బంది గురించి, ఇంటి ఓనరు గురించి, ఇంకొకరి జీతం గురించి అందులో రాయకండి. నాన్న సంగతి కూడా కాగితంలో రాయలేదు నేను.

నేను అడిగినవి మూడు. తేదీ ప్రతి ఏడూ మారుతుంది కాబట్టి చాలా ఏళ్ల తేదీలు ముందే చట్టంలో పెట్టండి. పదిమంది లోపు పనివాళ్లున్న కొట్లకి మొదటి ఏడాది ఏదైనా సాయం చేయండి. ఎవరికి ఎంత ఇవ్వాలో మామూలు మనిషికి అర్థమయ్యే భాషలో కాగితం ఇవ్వండి.

తేదీలు మారడం మీద ఇక్కడి వ్యాపారస్తులు కొందరు గొడవ పెట్టుకున్నారు, ఏటా ఒకే తేదీ ఉండాలని. నాకది వింతగా అనిపించింది. ఉగాది ఏ తారీకున వస్తుందో క్యాలెండర్ చూస్తే గానీ చెప్పలేం, అయినా మనకి ఎప్పుడైనా పండగ తప్పిపోయిందా? వీళ్లదీ చంద్రమానమే, మరమతక అంటారు. ప్రొఫెసర్ రంగి మాతామువా అని మావోరీ ఖగోళం చదివిన ఆయన ఆధ్వర్యంలో ఒక కమిటీ కూర్చుని 2022 నుంచి 2052 వరకు తేదీలు లెక్కగట్టింది, అవన్నీ బిల్లులోనే జాబితాగా ఉన్నాయి. అంటే నా మొదటి కోరిక నేను అడక్కముందే తీరిపోయింది, మా అమ్మాయి పేజీ కిందకి జరిపి చూపించింది. అయినా తీసేయలేదు, మంచి పని చేశారని ఒక వాక్యం చేర్చాను.

పంపాక అందిందని ఒక మెయిల్, ఆ తర్వాత కొన్ని వారాలు చప్పుడు లేదు. మర్చిపోయాను కూడా. ఒకరోజు మధ్యాహ్నం సాంబారు పొయ్యి మీద ఉండగా ఫోన్లో మెయిల్, మీకు ఐదు నిమిషాలు కేటాయించాం, ఫలానా రోజు ఫలానా టైముకి జూమ్‌లో రండి, లింకు ఇదీ అని. గుండె దడదడలాడింది. డిగ్రీలో వైవాకి కూడా అంత భయపడలేదు. మా ఆయన మాత్రం అప్పటికప్పుడు మాట మార్చి, అక్కడ అందరికీ తనే టిక్ పెట్టమన్నట్టు చెప్పుకున్నాడు.

ఆ రోజు నీలం రంగు నేత చీర కట్టుకుని స్టోర్ రూములో బియ్యం బస్తాల ముందు లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను, ఇంట్లో వైఫై పిల్లల ఆన్‌లైన్ క్లాసులకే చాలేది కాదు. లింకులోకి వెళ్తే ముందు వెయిటింగ్ రూము, క్లర్కు వచ్చి మైకు, కెమెరా చూసి, మీ ముందు ఇద్దరున్నారు అంది. చెప్పిన టైముకంటే కాస్త ఆలస్యంగానే పిలిచారు, అలా జరుగుతుందని అనుకునే ఉండండి, మధ్యలో కొట్టుకి పరిగెత్తాల్సిన పని పెట్టుకోకండి. లోపలికి తీసుకున్నాక తెర నిండా చిన్నచిన్న గళ్లలో ఎంపీలు. కొందరు మావోరీలోనే మాట్లాడుకుంటున్నారు. "కియా ఓరా" అన్నాను, "నమస్కారం" కూడా అన్నాను, ఒకరిద్దరు చేతులు జోడించారు. అక్కడితో సగం భయం పోయింది.

రాసింది చదవక్కర్లేదు, వాళ్లు ముందే చదివి ఉంటారు. ఇది నాకెవరూ చెప్పలేదు. మూడు నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పేస్తే మిగతా రెండు నిమిషాలు వాళ్లు ప్రశ్నలు వేస్తారు, ఆ ప్రశ్నలే ముఖ్యం. నేను శుక్రవారం సంగతి చెప్పాను, డోర్ దగ్గర టేబుల్ వేసుకుని అమ్ముకుంటున్న సంగతి చెప్పాను, ఇలాంటి ఏడాది తర్వాత వచ్చే మొదటి సెలవు ఖర్చు మాకు ఎలా ఉంటుందో చెప్పాను. చివర్లో అనుకోకుండా నాన్న మాట వచ్చేసింది. మాకూ పోయినవాళ్లని తలుచుకునే అమావాస్య ఉంది, ఈ దేశంలో అందరూ ఆగి ఆ పని చేసే రోజు ఒకటి ఉంటే నాకు ఇష్టమే, దాని ఖర్చు మాత్రం మొత్తం నాతోనే పెట్టించకండి అన్నాను. గొంతు పట్టేసింది. ఒక పెద్దావిడ మ్యూట్ తీసి మావోరీలో ఏదో మెల్లగా అంది, అనువాదం అడగలేదు నేను.

ప్రశ్నలు రెండు వచ్చాయి. దీనికి బదులు ఇంకో పాత సెలవు తీసేస్తే మీకు సరేనా అని ఒకాయన. అది నా గొడవ కాదండీ, నా పనివాళ్ల సెలవు తీసి నాకు మేలు చేయక్కర్లేదు అన్నాను. ఆ రోజు మీరు తెరుస్తారా, మూస్తారా అని ఇంకొకరు. ఇప్పుడే చెప్పలేను అన్నాను. అయిపోయింది, థాంక్యూ అన్నారు, తెర ఖాళీ. లేచి వెళ్లి దోశ పెనం వెలిగించాను.

తర్వాత తెలిసింది, అదంతా లైవ్‌లో వెళ్లిందట. మన గ్రూపులో ఎవరో క్లిప్ పెట్టారు. సగంమంది శభాష్ అన్నారు, సగంమంది "వాళ్ల గొడవ మనకెందుకు, వచ్చామా, పని చేసుకున్నామా" అన్నారు. ఒకాయనైతే ఇలాంటివాటిలో వేలు పెడితే వీసా ఆగిపోతుందని పిల్లలకి చెప్పి భయపెట్టాడు. ఆయన మాట నమ్మకండి, ఆ ఫారంలో వీసా నంబరు అడిగే గడే లేదు. తమ్ముడు మాత్రం వేరే సంగతి అన్నాడు. వాడు దుమ్ముగూడెం వైపు బడిలో టీచరు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి తన క్లాసులో కోయ పిల్లలు ర్యాలీకి వెళ్తారు, బడి మామూలుగానే నడుస్తుంది, ఆ రోజు సగం బెంచీలు ఖాళీగా ఉంటే హాజరు వేయాలా వద్దా అని ఏటా మల్లగుల్లాలు పడతానన్నాడు. "అక్కా, మీ దగ్గర పార్లమెంటే ఫోన్ చేసి అడుగుతుందా?" అన్నాడు. ఫోన్ కాదురా, లింకు అన్నాను.

2022 ఫిబ్రవరి, మార్చిల్లో ఒమిక్రాన్ వచ్చి వంటగదిలో ఒకరి తర్వాత ఒకరు ఇంట్లో ఉండిపోయారు, బిల్లు సంగతి పట్టించుకునే తీరిక లేదు. ఏప్రిల్ 7న పార్లమెంటులో మూడో రీడింగ్, అంటే చివరి ఓటింగ్, పాసయింది, 11న చట్టమైంది. నేషనల్, యాక్ట్ పార్టీలు వ్యతిరేకంగా ఓటేశాయి, ఖర్చే ప్రధాన కారణం. చిన్న కొట్లకి సాయం చేయమన్న నా రెండో కోరిక గాలికి పోయింది. బాధేసింది, అబద్ధం ఎందుకు. గుడ్ ఫ్రైడేలాగా కొట్లు మూసి తీరాలన్న నిబంధన మాత్రం పెట్టలేదు, తెరవాలా వద్దా అన్నది మన ఇష్టం.

ఆ ఇష్టం ఎంత ఖరీదో జూన్‌లో తెలిసింది. కనీస వేతనం 2022 ఏప్రిల్ నుంచి 21.20 డాలర్లయింది. ఎనిమిది గంటలకి 169.60. సెలవు రోజు పనిచేయిస్తే ఒకటిన్నర రెట్లు, అంటే 254.40. అతను మామూలుగా శుక్రవారం పనిచేసేవాడైతే, ఆపైన జీతంతో ఇంకో రోజు సెలవు కూడా ఇవ్వాలి, అంటే ఇంకో 169.60. మొత్తం ఒక మనిషికి 424. పోనీ మూసేద్దామంటే ప్రతి శుక్రవారం పనికొచ్చేవాళ్లకి ఆ రోజు జీతం ఎలాగూ ఇవ్వాలి. సాయంత్రం నాలుగు గంటలే తెరిచినా, బదులు సెలవు మాత్రం పూర్తి రోజు! ఇది నాకు తెలియదు, హెల్ప్‌లైన్ వాళ్లు చెప్పారు. అసలు చిక్కు పార్ట్‌టైమ్ పిల్లలతో. ఒకమ్మాయి ఒక వారం శుక్రవారం, ఇంకో వారం శనివారం వస్తుంది, శుక్రవారం ఆమెకి పనిరోజా కాదా? గత కొన్ని వారాల రోస్టర్ (ఎవరు ఏ రోజు పనో రాసే పట్టీ) తీసి ఎన్ని శుక్రవారాలు వచ్చిందో చూడాలి. చూశాను, వచ్చినవే ఎక్కువ, కాబట్టి ఇవ్వాల్సిందే. రోస్టర్లు ఫోన్లో ఫోటోలు తీసి దాచుకోండి, గోడ మీద రాసి చెరిపేస్తే తర్వాత తేల్చుకోలేరు.

చివరికి సాయంత్రం తెరిచాం, 15 శాతం సర్‌చార్జి పెట్టి. దాన్ని తలుపు మీద, మెనూ మీద ముందే కనబడేలా రాయాలి, బిల్లులో చెప్తే కుదరదు. 15 డాలర్ల మసాలా దోశ 17.25. మావోరీలు, తెల్లవాళ్లు ఎవరూ కిక్కురుమనలేదు, గొడవంతా మనవాళ్లతోనే. "అక్కా, ఇది మన పండగ కాదుగా, మనక్కూడా పదిహేను శాతమేంటి?" అన్నాడు ఒకబ్బాయి. "మన పండగ కానప్పుడు ఇవాళ ఆఫీసుకి ఎందుకెళ్లలేదు తమ్ముడూ" అన్నాను. నవ్వి కట్టాడు. లాంగ్ వీకెండ్ కదా, ఊళ్లో జనం తక్కువ, మామూలు శుక్రవారం అంత బేరం లేదు. సర్‌చార్జి డబ్బు ఆ రోజు అదనపు కూలికి సరిపోయింది, బదులు సెలవుల ఖర్చు మాత్రం నెత్తినే ఉంది.

ఆ ఉదయం సంగతి కూడా చెప్పాలి. చీకట్లోనే లేచి మా కౌంటర్ పిల్ల, వాళ్ల అమ్మ, నేను ఓవైరాకా గుట్ట ఎక్కాం, మౌంట్ ఆల్బర్ట్ అనేది అదే. చలికి వేళ్లు బిగుసుకుపోయాయి. మబ్బు తెరలు తెరలుగా ఉంది, కృత్తికలు కాసేపు మసగ్గా కనబడి దాక్కున్నాయి. వాళ్ల ఊరివైపు వాళ్లు అసలు పువాంగా అనే వేరే చుక్కని చూస్తారట, "మా అమ్మమ్మైతే మాతరికి అనే అనదు" అంటూ వాళ్లమ్మ నవ్వింది. తర్వాత పేర్లు చదివారు. నేను నాన్న పేరు ఇంటిపేరుతో సహా చెప్పాను, నా వెనక వాళ్లిద్దరూ అదే పేరు తప్పుల్లేకుండా పలకడానికి తంటాలు పడ్డారు. కిందికి వచ్చాక ఫోన్లో వెల్లింగ్టన్ తె పాపా మ్యూజియం నుంచి హౌతాపు చూశాం, చిలగడదుంప, కోడి, చేప, పాము చేప వండి మూత తీస్తే ఆ ఆవిరే చుక్కలకి నైవేద్యం. అన్నం మూత తీసిన ప్రతిసారీ వచ్చే ఆవిరిని నేనెప్పుడూ అలా అనుకోలేదు.

ఇంతలో 2022 సెప్టెంబరులో రాణిగారు పోయారు, న్యూజీలాండ్‌కి కూడా రాణి అయిన బ్రిటన్ రాణి ఎలిజబెత్. 12న ప్రకటించారు, 26న సోమవారం దేశమంతా ఒక్కసారికి సెలవు అని. మాతరికికి రెండేళ్ల చర్చ, సబ్మిషన్లు, 30 ఏళ్ల తేదీల జాబితా. దీనికి రెండు వారాల నోటీసు. సోమవారం మాకు ఎలాగూ వారపు సెలవు కాబట్టి నాకు ఏమీ పడలేదు. మా పక్క కిరాణా గుజరాతీ ఆయన, అంతకుముందు ఏడు "రాసి ఏం చేస్తావ్ బెహన్" అన్నాయన, పరిగెత్తుకుంటూ వచ్చి దీనికి ఎక్కడ రాయాలి అని అడిగాడు. సబ్మిషన్లు తీసుకునేంత వ్యవధే లేదు, రాయడానికి ఎక్కడా లేదని చెప్పాను. ఆయన మనిషికి ఒకటిన్నర రెట్లు ఇచ్చుకున్నాడు పాపం.

2023 మాతరికి జూలై 14న. మూసేద్దామని మా ఆయన, సాయంత్రం తెరుద్దామని నేను, 2022 దీపావళి ముందు వరకు తేలలేదు. ముందు ఆ జూన్‌ది ఇద్దరికి బదులు సెలవు బాకీ ఉన్నాను అప్పటికి. ఇద్దరూ దీపావళి వారంలోనే కావాలన్నారు, ఆ వారం మాకు స్వీట్ల ఆర్డర్లు.